లెక్కకు రాని మంచి

మేం కొందరం మిత్రులం కలిసి ఒక యాప్ తయారుచేస్తున్నాం. రోజూ చేయగలిగిన చిన్న చిన్న మంచి పనులను గుర్తుచేసే యాప్. బజారుకు గుడ్డసంచి పట్టుకెళ్లడం, వండిన అన్నం పారబోయకుండా చూసుకోవడం, తడిచెత్త పొడిచెత్త విడదీయడం, ఎండాకాలం పిట్టగోడ మీద పక్షులకు నీళ్లు పెట్టడం, మెట్లెక్కలేని పెద్దావిడ చేతిలో బరువు అందుకోవడం... పనుల జాబితా తేలిగ్గానే తయారైంది. వీటికి పాయింట్లు ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోయాం.

ఇవ్వాలనేవాళ్లు చైనాను చూపిస్తారు. అక్కడ 2016లో అలీపే అనే చెల్లింపుల యాప్‌లో యాంట్ ఫారెస్ట్ అనే ఆట మొదలైంది. నడిచి వెళ్లినా, మెట్రో ఎక్కినా, బిల్లులు ఫోన్లోనే కట్టినా తగ్గిన పొగ బరువు లెక్కన ఖాతాలో కొంత ‘హరిత శక్తి’ జమవుతుంది. చాలినంత పోగైతే ఇన్నర్ మంగోలియా లాంటి ఎడారి సీమల్లో మన పేరున నిజమైన మొక్క నాటుతారు. ఇసుకను పట్టి నిలిపే సాక్సాల్ మొక్కకు 17.9 కిలోల శక్తి కూడబెట్టాలి. స్నేహితులు కూడబెట్టిన దాంట్లోంచి కాస్త కాజేసే వీలు కూడా ఉంది. ఆ సరదాకే తెల్లారగట్ల లేచేవాళ్లున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి ‘చాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్’ పురస్కారం ఇచ్చేనాటికి 50 కోట్ల మంది చేరారు, 12 కోట్లకు పైగా మొక్కలు నాటారు. నీటి ఎద్దడి ఉన్న నేలలో అన్ని మొక్కలా అని ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయినా అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. నేను బస్సెక్కడం వల్ల ఎంత పొగ తగ్గిందో నా కంటికి ఆనదు. దాన్ని గ్రాముల్లో చూపిస్తే రేపూ బస్సే ఎక్కాలనిపిస్తుంది. అక్కడ లెక్క మేలే చేస్తుంది.

దయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాయింట్లివ్వడానికి మనసొప్పదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి నర్సరీ బడిలో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ చేసిన పరిశోధన ఒకటి 1973లో వెలువడింది. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాలు పోయాక చూస్తే, ఆ పిల్లలు స్కెచ్ పెన్నులతో గడిపిన సమయం మిగతావాళ్లదాంట్లో సగమే. ముందు చెప్పకుండా పత్రం ఇచ్చిన పిల్లల ఇష్టం చెక్కుచెదరలేదు. ఆశపెట్టడమే ఆ ఇష్టాన్ని తినేసింది.

మన ఊళ్లలో చలివేంద్రం పెట్టేవాళ్లు పొద్దున్నే కుండలు నింపుతారు గానీ, ఎందరి దాహం తీరిందో రాసిపెట్టుకోరు. చూరుకు వరికంకుల కుచ్చు వేలాడదీసే రైతు పిచ్చుకలను లెక్కపెట్టడు. ఈ అలవాట్లు ఇన్ని తరాలు ఎవరి మెప్పూ లేకుండానే నిలిచాయి. ఇంకో సంగతి నన్ను మరీ కలవరపెడుతుంది. అన్నం పెట్టి ఫొటో ఎక్కిస్తే పది పాయింట్లు అన్నామనుకోండి, తింటున్న మనిషి ముఖం మన మంచితనానికి రుజువైపోతుంది. ఆకలి మీదున్నవాడు ఫొటో వద్దనగలడా?

అందుకే నా మాట ఇది. బస్సు ప్రయాణం, కరెంటు, ప్లాస్టిక్ లెక్కలు ఉండనివ్వండి, ఎవరివి వాళ్లకే కనిపించేలా. దయ వంతు వచ్చినప్పుడు యాప్ సమయానికి గుర్తుచేసి తప్పుకోవాలి. సంచి మాట రైతుబజారుకు బయల్దేరే వేళకు చెప్పాలి, రాత్రి పడుకోబోయే ముందు కాదు. ఎండలు ముదురుతుంటే పక్షుల నీళ్లు గుర్తుచేయాలి. పక్కింట్లో ఒంటరిగా ఉండే మామ్మగారిని పలకరించి ఎన్నాళ్లయిందని ఎప్పుడైనా ఒకసారి అడగాలి. ఆ ప్రశ్న కింద నొక్కడానికి బటన్ ఉండకూడదు.

బటన్ లేకపోతే యాప్ పనిచేస్తోందో లేదో మనకెలా తెలుస్తుందని మిత్రుడొకడు అడుగుతున్నాడు. తెలియదు. మామ్మగారికి తెలుస్తుంది. యాప్‌లో దయకు సంబంధించిన సగం అలాగే తయారుచేయాలని నేను పట్టుబడుతున్నాను.