కురింజి పూసే దారి

పిల్లలూ! పన్నెండేళ్లకు ఒక్కసారి మాత్రమే పండగ చేసుకునే కొండ ఒకటి వున్నది. ఆ కొండ మీద ఒక సరస్సు, ఆ సరస్సు దగ్గర బయలుదేరి లోయ అంచుదాకా పోయే ఒక దారి వున్నవి. ఆ దారిన నేను చిన్నప్పుడు ఒకసారి, పెద్దయినాక ఒకసారి నడిచాను. ఇప్పుడు మిమ్మల్ని వెంటబెట్టుకుని పోతాను, రండి.

తమిళనాడులో మదురైకి వాయవ్యంగా పళని కొండలున్నవి. పడమటి కనుమల నుంచి తూర్పుకు చేయి చాపినట్టుగా వుంటవి. వాటి మీద సుమారు 7,000 అడుగుల ఎత్తున కొడైకెనాల్ అనే ఊరున్నది. కింద మైదానంలో బస్సెక్కినప్పుడు చెమటలు కారుతూ వుంటవి. ఘాటు రోడ్డు మీద ఒక్కొక్క మలుపే తిరుగుతున్న కొద్దీ గాలి చల్లబడుతుంది. పైకి చేరేసరికి పెట్టెలో నుంచి స్వెట్టరు తీయక తప్పదు.

ఊరి నడుమ సరస్సు వున్నది. నక్షత్రానికి కొమ్ములున్నట్టు దాని పాయలు కొండల సందుల్లోకి చొచ్చుకుపోయి వుంటవి. వైశాల్యం సుమారు 60 ఎకరాలు. చూసినవారు అది అనాదిగా అక్కడే వున్నదనుకుంటారు. కాని దాన్ని మనిషే తయారు చేశాడు. మదురై జిల్లా కలెక్టరుగా పనిచేసిన లెవింజ్ దొర 1863లో అక్కడి వాగుకు అడ్డంగా కట్ట వేయించాడు. తరవాత సముద్రతీరాన వున్న తూత్తుకుడి నుంచి పడవ తెప్పించాడు. ఆ రోజుల్లో కొండ మీదికి మోటారు రోడ్డు లేదు. ఆ పడవ ఎట్లా పైకి వచ్చి వుంటుందో మీరే వూహించుకోండి! సరస్సు నిండి పొర్లిన నీరు దిగువన 180 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఘాటు రోడ్డు పక్కనే కనిపించే ఆ జలపాతాన్ని సిల్వర్ కాస్కేడ్ అంటారు.

సరస్సు చుట్టూ సుమారు 5 కిలోమీటర్ల బాట వున్నది. నీటి గట్టున కొంత దూరం నడిచి, ఊరి మీదుగా ఎగువకు పోతే లోయ అంచు వస్తుంది. అక్కడ 1872లో కోకర్ అనే దొర కొండ కొమ్మునే పట్టుకుని ఒక కాలిబాట వేయించాడు. దానికి కోకర్స్ వాక్ అని పేరు. ఒకపక్క కొండ, రెండోపక్క అగాధమైన లోయ. మబ్బు లేని రోజున కింద వైగై ఆనకట్ట నీరు అద్దం ముక్కలా మెరుస్తుంది.

ఆ బాట మీద ఒక్కొక్కప్పుడు గొప్ప వింత కనిపిస్తుంది. మీ వీపు వెనక ఎండ, ఎదుట లోయలో దట్టమైన పొగమంచు వున్నవనుకోండి. అప్పుడు ఆ మంచు మీద మీ నీడే పెద్ద రాక్షసుడిలా నిలబడుతుంది. దాని తల చుట్టూ రంగుల వలయం కూడా వుంటుంది! మంచులోని సన్నటి నీటి తుంపరల మీద పడిన వెలుగు వెనక్కి మళ్లుతూ రంగులుగా విడిపోవటమే దీనికి కారణం. తమాషా ఏమిటంటే, పక్కపక్కన ఇద్దరు నిలబడినా ఎవరికి వారికి తమ తల చుట్టూనే వలయం కనిపిస్తుంది. జర్మనీలోని ఒక కొండ పేరు మీద దీన్ని బ్రాకెన్ ఛాయ అంటారు.

నేను మొదటిసారి ఈ దారిన నడిచింది 2006 ఆగస్టులో. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా మేనమామగారు మదురైలో ఉద్యోగం చేసేవారు. ఆయనను చూడబోయి, అక్కడి నుంచి మా నాన్నగారితో కొండ ఎక్కాను. లోయ వాలు మీద నేల కనిపించలేదు. అంతా ఊదా కలిసిన నీలం రంగు. గాలిలో తేనెటీగల రొద.

"ఇవి నీలకురింజి పూలు. మళ్లీ 2018లోగాని పూయవు. అప్పటికి నీకు ఇరవై ఏళ్లు వస్తాయి," అన్నారు మా నాన్నగారు.

ఎనిమిదేళ్ల వాడికి ఇరవై అంటే ఎంత దూరం! "అప్పటిదాకా ఈ చెట్లు ఏం చేస్తాయి, నాన్నగారూ?" అని అడిగాను.

"ఈ చెట్లుండవు. వీటి పిల్లలుంటాయి," అన్నారు ఆయన.

అది అక్షరాలా నిజం. కురింజి చిన్న పొద. సాధారణంగా ఒకటి రెండు అడుగుల ఎత్తు పెరుగుతుంది. పన్నెండేళ్లు పెరిగి, ఒక్కసారి పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. తరవాత వానలకు ఆ గింజలు మొలిచి, మళ్లీ పన్నెండేళ్లకు అన్నీ కలిసికట్టుగా పూస్తవి. అన్నీ ఒకేసారి ఎందుకు పూయాలి? ఏటా కొన్ని కొన్ని పూస్తే పురుగులు, పక్షులు ఆ గింజలన్నీ తినివేయగలవు. పన్నెండేళ్లు వూరుకుని ఒక్కసారే కొండంతా గింజలు చల్లితే, ఎంత తిన్నా ఇంకా మిగిలే వుంటవి. శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇది.

ఈ పూత లెక్క నిన్న మొన్నటిది కాదు. 1838 నుంచి దీన్ని రాసి వుంచారు. ఈ కొండల్లో వుండే పళియర్ అనే గిరిజనులు తమ వయసును కురింజి పూతలతో లెక్క పెట్టుకునేవారు. ప్రాచీన తమిళ కవులు కొండ సీమకంతకూ కురింజి అనే పేరే పెట్టారు. ఆ సీమకు దేవుడు మురుగన్, అంటే మన కుమారస్వామి. కొడైకెనాల్‌లో ఆయనకు 1936లో కట్టిన గుడి వున్నది. అందులో స్వామి పేరు కురింజి ఆండవర్. 2006లో మన తపాలా శాఖవారు ఈ పువ్వు బొమ్మతో బిళ్ల కూడా వేశారు.

2018లో నేను తిరిగి అదే దారిన నడిచాను. చిన్నప్పుడు ఎంతకూ తరగని కోకర్స్ వాక్ ఒక కిలోమీటరేనని అప్పుడు తెలిసింది. బాట కురచ కాలేదు, నా అడుగులే పొడవైనవి. సరస్సులో పడవలు అట్లాగే తిరుగుతున్నవి. లోయ వాలున కురింజి అన్న మాట ప్రకారం పూసింది.

బాట పక్కన వేరుసెనక్కాయలు అమ్మే ముసలమ్మ మా మాటలు విని, తెలుగులోనే, "మీదే వూరు, నాయనా?" అని అడిగింది. కొండ కింది తేని, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా వున్నవి.

"నీకిది ఎన్నో పూత?" అన్నది ఆవిడ.

"రెండోది, అవ్వా."

"నాకు ఆరోది. ఏడోది చూస్తానో లేదో! నువ్వు మాత్రం నీ బిడ్డలను తీసుకురా. అయితే ఒక మాట. మా చిన్నతనంలో ఆ కొండంతా పూసేది," అని ఆవిడ ఎదుటి కొండ చూపించింది.

ఆ కొండ మీద నీలం లేదు. అంతా చెట్లే. చెట్లుంటే మంచిదే కదా, ఇందులో విచారమేమిటి అని మీరు అడగవచ్చు. ఇక్కడే అసలు సంగతి వున్నది.

పళని కొండల పైభాగం మొదట్లో రెండు రకాలుగా వుండేది. వాలుల మీద గడ్డి, మడతల్లో షోలా అనే గుబురు అడవి. షోలా చెట్లు పొట్టివి. వాటి కొమ్మల నిండా నాచు. షోలా నేల, గడ్డి వేళ్లు వాన నీటిని స్పాంజిలా పీల్చుకుని, ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వదులుతవి. ఆ నీరే వాగులై ఉత్తరాన అమరావతి నదిలో, దక్షిణాన వైగైలో కలుస్తుంది. కిందనున్న పొలాలకు, ఊళ్లకు ఇదే ఆధారం.

గడ్డి నేల వట్టి బీడని తలచి, పైవారు అందులో చెట్లు నాటారు. తోళ్లు పదును చేయటానికి బెరడు కావాలని ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వాటిల్, మనవైపు జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్, పైను చెట్లు వేశారు. చూడటానికి పైను తోటలు అందంగానే వుంటవి. కాని వాటి నీడలో గడ్డి బతకదు. ఎండ లేనిదే కురింజి పెరగదు. వాటిల్ అయితే ఎవరూ నాటకుండానే వ్యాపిస్తుంది. ఉపగ్రహాలు తీసిన ఫోటోలను పోల్చి చూడగా, 1973కూ 2014కూ మధ్య పళని కొండల గడ్డి నేలలో మూడింట రెండు వంతులు పోయిందని తేలింది.

అయితే ఆశ లేకపోలేదు. 2013లో ఈ ప్రాంతాన్ని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. కొందరు స్థానికులు షోలా మొక్కలను, గడ్డిని నారు పోసి తిరిగి నాటుతున్నారు. 2024 మే నుంచి, హైకోర్టు ఆజ్ఞ ప్రకారం, కొండ ఎక్కే బండ్లకు ముందుగా పాసు తీసుకోవలసి వచ్చింది. పువ్వు తన మాట నిలబెట్టుకుంటున్నది. దానికి చోటు మిగల్చటం మన పని.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. కురింజి మళ్లీ 2030లో పూయాలి. అప్పటికి మీ వయసెంత? ఆ తరవాత 2042లో ఎంత? కాగితం మీద రాసుకుని మీ అమ్మానాన్నలకు చూపించండి. వెళ్లినప్పుడు బాట విడిచి గడ్డి తొక్కకండి, ఒక్క కొమ్మ కూడా విరవకండి. ఆ కొమ్మ మీది గింజలే 2042లో మీ పిల్లలు చూడబోయే పూలు!