వేణ్ణీళ్ల చెంబు



పోయిన వారం చెప్పుల సంగతి రాస్తే ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, మంగలి షాపు సంగతి ఎప్పుడు రాస్తావు?" అని. ఈ వారం అదే రాస్తున్నా. అయితే కత్తి గురించి కాదు, నీళ్ల గురించి.

మాది ఉదయగిరికీ ఆత్మకూరుకీ నడుమ ఒక మెట్ట పల్లె. పేరు అక్కర్లేదు, అట్లాంటి పల్లెలు ఆ దారి పొడుగునా ఉన్నాయి. ఊరికి అవతల, వాగు పక్కన మా అరుంధతివాడ.

మా తాత కాలంలో ఊళ్లో క్షవరం చేసే ఆయన పొద్దున్నే పొది చంకన పెట్టుకుని పెద్దిళ్లకు పోయేవాడు. వసారాలో పీట వేసేవాళ్లు. ఇంట్లోంచి చెంబుతో వేణ్ణీళ్లు వచ్చేవి. మా వాడకు ఆయన రాడు, రాగూడదు. మా వాళ్ల గడ్డాలు మా వాళ్లే ఒకరికొకరు గీసుకునేవాళ్లు. చింతచెట్టు నీడ, ఒకే కత్తి, ఒకే సబ్బు ముక్క, తొట్లో చన్నీళ్లు. "గడ్డం గీయించుకున్న పూట కూట్లోకి కారం వద్దు, మొహం మీదే ఉంది" అని మా తాత నవ్వేవాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మంగలాయన కత్తి నూరుకునే తోలుపట్టీ ఎక్కడిది? లందలో తంగేడు చెక్క వేసి నానబెట్టి మా తాతలు చేసిన తోలు. అది ప్రతి వసారాలోకీ పోయేది. దాన్ని చేసిన మనిషి మాత్రం వాకిట్లోనే ఆగాలి.

మా నాయన దగ్గరికొచ్చేసరికి కథ కొంచెం మారింది. ఆయన సంతలో ఒక రేజరు, బ్లేడ్ల పొట్లం కొనుక్కున్నాడు. ఆదివారం పొద్దున అమ్మ అన్నం వండేటప్పుడు కోడిపొయ్యి మీద సత్తు చెంబుతో నీళ్లు పెట్టేవాడు. దించి, చంటిబిడ్డకు నీళ్లు పోసే ముందు చూసినట్టు మోచేతి మీద రెండు చుక్కలు పోసుకునేవాడు. చురుక్కుమంటే ఇంకాసిని చన్నీళ్లు కలిపేవాడు. మొహం తడిపి, సబ్బు రుద్ది, ఊరికే కూర్చునేవాడు. నాకు విసుగు పుట్టేది. "ఇంకా ఎంతసేపు నాయనా?" అంటే, "వెంట్రుక నీళ్లు తాగాలబ్బయ్యా. తాగితే కత్తి చెప్పినట్టు వింటది" అనేవాడు.

బడి మొహం చూడని మనిషి. కానీ ఆయన చెప్పింది అక్షరాలా సైన్సు.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీను. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. నీళ్లు లోపలికి పోయేకొద్దీ ఉబ్బుతుంది, లోపలి హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, మెత్తబడుతుంది. అప్పుడు తెగడానికి తక్కువ బలం చాలు. వేణ్ణీళ్లు చేసేది ఈ పనిని తొందరగా జరిపించడం. పైన పేరుకున్న చర్మపు జిడ్డును కూడా కరిగిస్తాయి. చన్నీళ్లతో కూడా వెంట్రుక మెత్తబడుతుంది, కాకపోతే ఎక్కువసేపు పడుతుంది. మరీ కాగిన నీళ్లూ మంచివి కావు. చర్మం ఎర్రబడుతుంది, ఉన్న నూనె అంతా పోతుంది, నురగ మొహం మీదే ఎండిపోతుంది. ఒంటి వేడి 37 డిగ్రీలు. దానికంటే కాస్త ఎక్కువగా, స్నానానికి హాయిగా ఉండే వేడి చాలు. మా నాయన మోచెయ్యి కొలిచింది అదే.

మా మెట్ట ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. బోరు నీళ్లు కఠిన జలం. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసుకుంటాయి. నీళ్లు బాగా మరిగిస్తే అందులో కొంత భాగం అడుగున తెల్లటి చారగా దిగిపోతుంది. పైన తేరిన నీళ్లతో నురగ బాగా వస్తుంది. అంటే మా దిక్కు మరగనిచ్చిన నీళ్లు వెంట్రుకనూ మెత్తబరుస్తాయి, సబ్బునూ పలికిస్తాయి. (చాలామంది పొరపాటు పడతారు కాబట్టి చెబుతున్నా. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. తాగే నీళ్ల కొట్లాట వేరే ఉంది.)

ఇప్పుడు ఆత్మకూరు సంగతి.

1990ల మొదట్లో ఇంటర్ చదువుకోడానికి ఆత్మకూరు వచ్చా. అప్పుడప్పుడే గడ్డం మొలుస్తోంది. క్లాసులో ఒక స్నేహితుడు, మా పక్కూరి వాడే, ఊళ్లో వాడు. ఇద్దరం కలిసి షాపుకు పోయాం. అద్దాలు, తిరిగే కుర్చీ, సినిమా హీరోల బొమ్మలు. నా జీవితంలో మొదటిసారి ఇంకొకరి కుర్చీలో కూర్చోబోతున్నానని కాళ్లు వణికాయి. మూలన కిరసనాయిలు స్టవ్వు మీద కెటిల్ సన్నగా ఆవిరి పోతోంది.

ముందు వాడు కూర్చున్నాడు. కెటిల్‌లోంచి గిన్నెలోకి నీళ్లు వంచారు, బ్రష్ ముంచారు, నిదానంగా నురగ తిప్పారు. తర్వాత నేను కూర్చున్నా. "ఏ ఊరు? ఊళ్లోనా, ఇవతలా?" చెప్పా. అంతే. ఒక్క మాట అనలేదు, కుర్చీ దిగమనలేదు. కుళాయి కింద మగ్గు పట్టి, చన్నీళ్లలో బ్రష్ ముంచి, రెండు తిప్పులు తిప్పి, కత్తి పెట్టారు. డిసెంబరు నెల. కెటిల్ నాకు రెండడుగుల దూరంలో ఉంది.

ఇద్దరం ఒకటే డబ్బులిచ్చాం.

మెడ నిండా మంట. నాలుగు రోజులకు గడ్డలు లేచాయి. సరిగా తెగని వెంట్రుక చర్మం లోపలికే పెరిగితే అట్లా లేస్తాయని నాకప్పుడు తెలీదు. నా చర్మమే మంచిది కాదనుకున్నా. మిత్రులారా, కులం చేసే పెద్ద మోసం ఇదే. గాయం వాళ్లు చేస్తారు, తప్పు మన చర్మానిదని మనమే నమ్ముతాం.

చాలా ఏళ్ల తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టం చదివా. 1955లో వచ్చింది, 1976 సవరణతో ఈ పేరు పెట్టారు. అందులో 'షాపు' అన్న మాటకు అర్థం చెబుతూ లాండ్రీని, క్షౌరశాలను పేరు పెట్టి చేర్చారు. 6వ సెక్షన్ చూడండి. అంటరానితనం కారణంగా, మిగతావాళ్లకు చేసే సేవను అదే వేళ, అదే చోట, అవే షరతుల మీద చేయకపోతే నేరం. నెల నుంచి 6 నెలల దాకా జైలు. 'అవే షరతులు' అన్న దగ్గర ఆగిపోయా. నాకు కుర్చీ దొరికింది, కత్తి దొరికింది. అవే షరతులు దొరకలేదు.

దీని వెనక బాబాసాహెబ్ ఉన్నాడు. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో 'షాపు' అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆయన విశాలమైన అర్థం చెప్పాడు. అడిగినవాళ్లకు సేవ చేస్తానని కూర్చున్న ప్రతి చోటూ షాపే. లోపలికి రానిస్తే సరిపోదు, సేవ కూడా అందాలి. అదే రోజు అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని సభ ఆమోదించింది.

మరి ఆ షాపులో నాకు గీసినాయన నా శత్రువా?

పదేళ్ల కింద ఉదయగిరిలో ఒక మీటింగు అయ్యాక, ఆ పని చేసే ఒకన్నతో టీ తాగుతూ ఈ సంగతి చెప్పా. ఆయన చాలాసేపు గ్లాసు వైపే చూశాడు. "మీకు కాగిన నీళ్లు పెడితే ఆ కెటిల్ నీళ్లు వద్దని పెద్దోళ్లు లేచిపోతారన్నా. షాపు అద్దె కట్టాలి గదా" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "పెళ్లిలో సన్నాయి ఊదేది మేమే. బంతి మాత్రం అందరూ లేచినాక." పందిట్లో ఆయన సన్నాయి, పందిరి బయట మా డప్పు. మెట్లు వేరు, నిచ్చెన ఒకటే. ఆయన్ని అర్థం చేసుకున్నా. కానీ తమ్ముళ్లూ, అర్థం చేసుకోవడమంటే ఒప్పుకోవడం కాదు. నాకు చన్నీళ్లు పోసింది ఆయన భయం. ఆ భయాన్ని పెట్టిన వాళ్లతోనే మన కొట్లాట. అందులో ఆయన్ని మన పక్కకు తెచ్చుకోవాల.

చివరి రోజుల్లో మా నాయనకు చేతులు వణికేవి. ఆదివారం ఆదివారం నేనే గీసేవాణ్ణి. గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి, మోచేతి మీద చూసుకుని, మొహం తడిపి, సబ్బు రుద్ది కత్తి తీస్తే, కళ్లు మూసుకునే అనేవాడు: "తొందరేముందబ్బయ్యా, తాగనీ."

మా తాతకు వేడీ దొరకలేదు, సమయమూ దొరకలేదు. చన్నీళ్లతో కూడా నిదానంగా చేస్తే గడ్డం సుఖంగానే వస్తుందని ఇప్పుడు తెలుసు. ఆత్మకూరులో నాకు రెండూ ఇవ్వలేదు. మర్యాదంటే ఏదో పెద్ద మాట అనుకుంటాం. ఒక చెంబెడు వేణ్ణీళ్లు, రెండు మూడు నిమిషాల ఓపిక. అంతే.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లకు ఒక పని చెబుతున్నా. ఈసారి షాపుకు పోయినప్పుడు మీకు ముందు కూర్చున్నాయనకు ఏ నీళ్లు పెట్టారో చూడండి, మీకేం పెట్టారో చూడండి. తేడా ఉంటే గొడవకు ముందు ఒక్క మాట నెమ్మదిగా అడగండి: "అన్నా, నాక్కూడా ఆ నీళ్లే." అప్పుడు ఏం జరిగిందో నాకు రాయండి. చట్టం మన జేబులోనే ఉంది. ముందు అడగడం నేర్చుకుందాం. ఆ రోజు నేను అడగలేకపోయా.

జై భీమ్.