ముద్ర వేయించుకు రండమ్మా

విశాఖలో ఓ కంటి ఆసుపత్రి. తెలిసిన డాక్టరమ్మ తన గదిలో మూలన కుర్చీ వేయించి, మాట్లాడకుండా చూడమన్నారు. శుక్లాలు, చత్వారం, కంట్లో పడ్డ ఇనుప రజను. మధ్యాహ్నం దాకా ఇవే.

తర్వాత ఇరవై ఏళ్ల కుర్రాడొకడు, వెంట తల్లి. "లైట్ల చుట్టూ రంగులు కనపడుతున్నాయంటాడు మేడమ్. ఎప్పుడూ ఫోనే" అందావిడ. కంట్లో ఒత్తిడి కొలిచారు. 34. ఇరవై ఒకటి దాటకూడదు. "చీటీ మీద ముద్ర పడలేదు, వేయించుకు రండమ్మా" అని ఆవిణ్ణి బయటికి పంపారు. ముద్ర ఉంది, నేను చూశాను.

"గంజాయి ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

కుర్రాడు నేల చూశాడు. "రెండేళ్లండి." జేబులోంచి చుక్కల సీసా తీశాడు.

అసలు దోషి ఆ సీసా. గంజాయితో కళ్లకొచ్చే ఎరుపు కొన్ని గంటల్లో దానంతటదే పోతుంది. ఇంట్లో పట్టుబడకూడదని మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి స్టిరాయిడ్ చుక్కలు. నెలల తరబడి వేస్తే కొందరికి కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. అదే గ్లకోమా. పోయిన చూపు మళ్లీ రాదు.

"గంజాయి గ్లకోమాకి మందంటారు కదండీ?" ఉండబట్టలేక అడిగాను. డాక్టరమ్మ నవ్వారు. 1971లో అమెరికా పరిశోధకులు ఒత్తిడి తగ్గడం గమనించిన మాట నిజమేనట. ఆ తగ్గుదల మూడు నాలుగు గంటలే. రోజంతా తగ్గాలంటే రోజంతా మత్తులోనే పడుండాలి.

మత్తు సూదులు వేసుకునే వాళ్ల సంగతి ఇంకా ఘోరం. మాత్రలు నూరి ఎక్కించుకుంటే అందులోని టాల్కు పొడి రెటీనా సన్ననాళాల్లో ఇరుక్కుంటుంది. మురికి సూదితో ఫంగస్ నెత్తురులోంచి కంటికి పాకుతుంది. కళ్ల ముందు ఈగలు తేలినట్టుంటుంది, చూపు మసకేస్తుంది. "సూది సంగతి దాచారనుకోండి, మామూలు వాపే అనుకుని స్టిరాయిడ్ ఇచ్చేస్తాం. ఫంగస్‌కి అది ఎరువు వేసినట్టే" అన్నారామె.

తల్లి తిరిగొచ్చింది. "ముద్ర ముందే ఉందంట మేడమ్."

"అవునా? నేనే చూసుకోలేదు."

సీసా సొరుగులోకి వెళ్లింది. ఒత్తిడి తగ్గించే చుక్కలు రాసి, వారానికి మళ్లీ రమ్మన్నారు.

ఎదిగిన పిల్లల్ని కంటి డాక్టరుకి చూపించేటప్పుడు, ఆవిడ అడక్కముందే ఓ అయిదు నిమిషాలు మీరు బయట కూర్చోండి.