మా గూడెం నుంచి బడికి 2,649 చుట్లు

పోస్టు పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. సైకిల్ చక్రానికి కట్టే ఒక చిన్న సెన్సర్ గురించి రాస్తున్న. ఫోన్‌కి వైరు లేకుండా కలుస్తది. పట్నంల పొద్దున్నే హెల్మెట్ పెట్టుకొని తొక్కేటోళ్లు స్పీడు చూసుకోవడానికి వాడుతరు. నేను మాత్రం మా గూడెం నుంచి బడి ఎంత దూరమో కొలవడానికి వాడిన.

మాది ఖానాపూర్ మండలంల అడవి అంచున ఉన్న గూడెం. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, ఇప్పుడు హాస్టల్‌ల ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా చెల్లె తొమ్మిదో తరగతి. గూడెం నుంచి తొమ్మిది, పది చదివే పిల్లలు ఏడుగురు ఉన్నరు. పోయినేడు ఇద్దరు ఆడపిల్లలు ఎనిమిది అయినంక బడి మానేసి పత్తి ఏరడానికి పోతున్నరు. ఎందుకు మానేసిన్రంటే వాళ్ల అవ్వ ఒకటే మాట అన్నది: "చీకటి పడ్డంక అడవి దాటి వస్తరు, నాకు పాణం ఆగది."

ఉన్నత పాఠశాల 5 కి.మీ. కంటే దూరం ఉంటే పిల్లలకు రవాణా భత్యం అడగొచ్చు. ప్రాథమిక బడికి 1 కి.మీ., ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 3 కి.మీ. అనే హద్దు విద్యాహక్కు చట్టం నియమాలల్ల ఉన్నది. మా వాళ్లు అడిగితే వచ్చిన జవాబు, "మీది 5 కి.మీ. లోపే, కాగితంల 4.8 ఉన్నది" అని. నేను ఫోన్ మ్యాపుల గూడెం మీద ఒక చుక్క, బడి మీద ఒక చుక్క పెట్టి చూసిన. నేరుగా గీత గీస్తే 4.7 వచ్చింది. అంటే అది చెట్ల మీదినుంచి పోయే లెక్క. మా పిల్లలకు రెక్కలు లేవు కదా. వాళ్లు వాగు దాటాలె, గుట్ట చుట్టు తిరగాలె.

మా తాతల కాలంల దూరమంటే కూతవేటు, లేకపోతే చుట్ట కాల్చేంత సేపు. ఆ లెక్క మాకు సరిపోయింది, కానీ దరఖాస్తుల "మూడు చుట్టలంత దూరం" అని రాస్తే ఎవరు తీసుకుంటరు?

ముందుగాల ఫోన్‌ల జీపీఎస్ పెట్టి తొక్కి చూసిన. ఒకరోజు 5.6, ఇంకోరోజు 6.1 చూపెట్టింది. అదే దారి, అదే సైకిల్. టేకు చెట్ల కింద ఉపగ్రహాల సిగ్నల్ సరిగ్గ అందదు, ఫోన్ మనల్ని అటు పది అడుగులు ఇటు పది అడుగులు జరిపి చూపిస్తది. మలుపుల కాడ మూల కోసేస్తది. గిట్ల రోజుకో తీరు చెప్పేదాన్ని పట్టుకొని ఆఫీసుకు పోతే నవ్వుతరు.

మా హాస్టల్‌ల ఇంతకుముందు ఉన్న సీనియర్ అన్న ఇప్పుడు హైదరాబాద్‌ల ఉద్యోగం చేస్తుండు, ఆదివారాలు సైకిల్ తొక్కుతడు. కొత్తది కొనుక్కున్నడని పాత సెన్సర్ నాకు కొరియర్ చేసిండు. అగ్గిపెట్టె కంటే చిన్నగ ఉంటది. లోపల సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ. రబ్బరుతోని చక్రం నడిమధ్య హబ్బుకు బిగిస్తే స్పీడు సెన్సర్, పెడల్ క్రాంకుకు బిగిస్తే నిమిషానికి ఎన్నిసార్లు తొక్కుతున్నమో చెప్పే కేడెన్స్ సెన్సర్. కొన్ని రకాలు రెండు పనులూ చేస్తయి, బ్యాటరీ తీసి మళ్లా పెడితే ఒక పని నుంచి ఇంకో పనికి మారుతయి, లైటు రంగు మారుతది. నాది అసువంటిదే. పాత రకాలల్ల చక్రం పుల్లకు అయస్కాంతం కట్టాలె, అది ముందటినుంచి పోయినప్పుడల్ల ఒక చుట్టు అని లెక్క. కొత్తవాటికి అయస్కాంతం అక్కర్లేదు, తాను తిరుగుతున్న సంగతి అదే పసిగడతది.

నాకు నచ్చింది ఏందంటే, ఇది స్పీడు పంపదు. పంపేది రెండే ముచ్చట్లు: మొత్తం ఎన్ని చుట్లు తిరిగింది, చివరి చుట్టు ఏ గడియల తిరిగింది. ఆ గడియను సెకనుల 1024వ వంతులల్ల లెక్కపెడతది. స్పీడు, దూరం ఫోన్ కట్టుకోవాలె. చుట్ల లెక్క మొత్తంగ వస్తది కాబట్టి నడుమల ఎవరిదన్న కాల్ వచ్చినా, కనెక్షన్ తెగినా, మళ్ల కలిసినంక అసలు సంఖ్యనే చూపెడతది. ఒక్క చుట్టు పోదు. కాకపోతే చాలాసేపు కదలకుంటే కొన్ని సెన్సర్లు పండుకుంటయి, లేచినంక లెక్క సున్నా నుంచి మొదలైతది. అందుకే దారిల ఎక్కువసేపు ఆగకుండ పోయిన.

కలిపేటప్పుడు ఒక సంగతి. ఫోన్ సెట్టింగ్స్‌ల ఇయర్‌ఫోన్ లెక్క పెయిర్ చేయొద్దు, యాప్ లోపలినుంచే వెతకాలె. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల లొకేషన్ ఆన్ చేస్తేనే కనబడతది. బ్లూటూత్‌ల మామూలుగ ఒకసారి ఒక ఫోన్‌కే దొరుకుతది, దోస్తు ఫోన్ పట్టుకొని ఉంటే మీకు దొరకదు. స్ట్రావాల కలుస్తదనుకోకండి, వాళ్లు 2019ల ఈ సెన్సర్లను కలిపే సౌకర్యం తీసేసిన్రు. నేను ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ అనే ఉచిత యాప్ వాడిన. అందమైన బొమ్మలేమీ ఉండవు, చుట్ల సంఖ్య సూటిగ చూపెడతది. నాకు కావలసింది అదే.

ఇగ అసలు పని చుట్టుకొలత. సైకిల్ యాప్‌లు తమంతట తాము ఏదో ఒక చక్రం కొలత పెట్టుకుంటయి, తరచుగ 2,105 మిల్లీమీటర్లు, అది సన్న టైర్ల రేసు సైకిల్‌ది. మన పెద్ద సైకిల్ టైరు మీద 28 × 1½ అని ఉంటది, దాని చుట్టు 2.2 మీటర్లు దాటుతది. మార్చకపోతే దూరం దాదాపు ఆరు శాతం తక్కువ వస్తది. నేను గాలి గట్టిగ కొట్టించి, టైరుకూ నేలకూ సుద్దముక్కతోని గుర్తు పెట్టి, సీటు మీద కూసొని మెల్లగ పది చుట్లు పోయిన. కూసోకుండ కొలిస్తే బరువు లేక టైరు అణగదు, కొలత పెరుగుతది. పది చుట్లకు 22 మీటర్ల 28 సెంటీమీటర్లు. అంటే ఒక చుట్టు 2.228 మీటర్లు. తర్వాత తారు రోడ్డు మీద ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా తొక్కిన, 450 చుట్లు వచ్చింది. లెక్క కట్టి చూడండి, దాదాపు 1,003 మీటర్లు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

మూడుసార్లు గూడెం నుంచి బడికి పోయిన. 2,646, 2,645, 2,656. సగటు 2,649. తేడా మొత్తం పదకొండు చుట్లు, అంటే 25 మీటర్ల లోపు. దూరం 5,902 మీటర్లు. దీంట్ల వాగు లేదు, ఎందుకంటే వాగుల సైకిల్‌ను భుజం మీద మోసుకపోతం, చక్రం తిరగదు. ఆ ముక్కను తాడుతోని కొలిచినం, 34 మీటర్లు. అంతా కలిపితే 5,936. ఎక్కుడు కాడ దిగి నెట్టుకపోయినా ఫరక్ లేదు, నెట్టినా చక్రం తిరుగుతది కదా.

వానకాలం లెక్క వేరే. వాగు నిండితే పై దారిన తిరిగి రావాలె. దాన్ని ఇంకా కొలవలేదు, అక్కడ బురదల సైకిలే నడవదు.

కేడెన్స్ గురించి కూడ అడుగుతరు కాబట్టి చెప్తున్న. గేర్లు లేని మన సైకిల్‌కు అది కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం. నా సైకిల్ ముందు పండ్లు 44, వెనుక ఫ్రీవీలుకు 18. ఒకసారి పెడల్ తిప్పితే చక్రం 2.44 చుట్లు తిరుగుతది, దూరం 5.4 మీటర్లు. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు సుమారు 19.6 కి.మీ. స్పీడు తెలిస్తే తొక్కుడు తెలిసినట్టే. ట్రాక్ మీద రేసులు తొక్కేటోళ్లది కూడ ఒకటే గేరు. 2018ల జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీలల్ల కీరిన్‌ల వెండి పతకం తెచ్చిన ఈసో ఆల్బెన్ తొక్కింది అసువంటి సైకిలే. ఆయనది అండమాన్ నికోబార్. మన దేశానికి ఆ పోటీలల్ల అదే మొదటి పతకం. మన పిల్లలల్ల కాలు బలం ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే ఆయన గురించి చదవండి.

ధర సంగతి. చవక రకాలు ఆన్‌లైన్‌ల పదిహేను వందల చుట్టు ఉంటయి. అంత పెట్టలేకపోతే సైకిల్ షాపుల వైరుతో వచ్చే మీటరు ఇంకా తక్కువకు దొరుకుతది, అది కూడ చుట్లే లెక్కపెడతది. ఫోన్‌ల అయితే తేదీ, టైముతో స్క్రీన్‌షాట్ ఉంటది, అంతే తేడా.

మూడు స్క్రీన్‌షాట్లు, చుట్టుకొలత తీసిన తీరు, కిలోమీటరు రాళ్ల లెక్క, వాగు కొలత అన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, గూడెం పటేల్, ఏడుగురు పిల్లల తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు పెట్టించిన. మా బాపు వేలిముద్ర వేసే ముందు 2,649 మీద వేలు పెట్టి "ఇది చెల్లె రోజూ ఒక పొద్దు పోయే లెక్కనా?" అని అడిగిండు. అవును, వచ్చేటప్పుడు ఇంకో అంత అని చెప్పిన. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

కాగితం ఇచ్చి మూడు వారాలు అయింది. తీసుకున్నట్టు స్టాంపు వేసి ఇచ్చిన్రు, వచ్చి చూస్తమన్నరు, ఇంకా రాలేదు. వస్తే టేపు పట్టుకొని వెంట నడుస్తమని పిల్లలు తయారుగ ఉన్నరు. కడెం, జన్నారం, ఉట్నూరు దిక్కు ఎవరి గూడెంకన్న ఇదే తిప్పలు ఉంటే కామెంట్ పెట్టండి. సెన్సర్ దసరా సెలవుల దాకా నా దగ్గరనే ఉంటది, తర్వాత ఎవరికి కావాలన్నా ఇస్త. బ్యాటరీ కొత్తది వేసి ఉంచిన. టైరుల గాలి మాత్రం మీరే కొట్టించుకోవాలె.