పూవు విచ్చు వేళ

2023వ సంవత్సరము ఏప్రిల్ మాసమున అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, యాకిమా లోయలో ఉద్యోగము చేయుచున్న నా కుమారుని యింట కొన్నాళ్లుంటిని. అది ఆపిలు, పియరు తోటలకు పేరుపడిన సీమ. చెట్లన్నియు తెల్లని పూలతో నిండియుండెను. ఒక తోటలో ఆ పూలపై ఏదియో ద్రవమును చల్లుచుండగా పురుగుల మందు కాబోలునని తలచితిని. విచారింపగా, అందున్నవి బ్రదికియున్న సూక్ష్మజీవులని తెలిసి విస్మయము నొందితిని.

ఆ తోటలకు ఫైర్ బ్లైట్ అను తెగులు కలదు. అది సోకిన కొమ్మలు నిప్పు తగిలినట్లు నల్లబడి మాడిపోవును. ఒక్కొక్కప్పుడు చెట్టే చచ్చును. దీనికి ఒక బాక్టీరియా కారణమని 1880 ప్రాంతమున ఇల్లినాయిలో బరిల్ అను పండితుడు నిరూపించెను. ఎర్వీనియా అమైలోవొరా అనునది దాని పేరు. ఇది మొదట పూవు యొక్క కీలాగ్రముపై వృద్ధి పొంది, వానకో మంచుకో జారి తేనె యుండు చోటు చేరి, అచటి సన్నని రంధ్రముల గుండ లోనికి ప్రవేశించును. తేనె కొరకు వచ్చు ఈగలే దీనిని పూవునుండి పూవునకు మోసికొనిపోవును.

1950ల నుండి స్ట్రెప్టోమైసిన్ చల్లి దీనిని అణచుచుండిరి. 1970ల ఆరంభమున కాలిఫోర్నియాలో ఆ మందునకు లొంగని బాక్టీరియా బయలుదేరెను. అంతట శాస్త్రజ్ఞులు వేరు మార్గము వెదకిరి. పూలపై సహజముగా వసించు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్, పాంటోయియా అగ్లోమెరాన్స్ అను బాక్టీరియాలలో చెట్టునకు హాని చేయని వానిని పెంచి చల్లిరి. ఇవి ముందుగా కీలాగ్రమును చేరి, అచటి చోటును ఆహారమును తామే ఆక్రమించుకొనును. పాంటోయియాలో కొన్ని శత్రువు నణచు పదార్థములను గూడ స్రవించును. వెనుక వచ్చిన తెగులునకు నిలువనీడ దొరకదు.

అయితే పూవు విచ్చిన తొలి దినములలోనే చల్లవలెను. తెగులు పాతుకొన్న పిదప ఫలము లేదు. ఇది సర్వరోగనివారిణియు కాదు; వాతావరణము తెగులునకు అనుకూలించినచో మందును గూడ వాడవలసి వచ్చును. మాడిన కొమ్మను నరకక తప్పదు.

ఇది వినుచుండగా నా మనస్సు మనుమనిపైకి పోయినది. తాతల నాటినుండి హోసూరు సీమలోనున్న మేము వీధిలో తమిళ కన్నడములు, ఇంటిలో తెలుగు పలుకుచు పెరిగితిమి. నా కుమారుడును అట్లే పెరిగెను. వాని కుమారునికిప్పుడు ఏడేండ్లు. నన్ను ఇంగ్లీషున పలుకరించును. పెద్దవాడైన పిదప నేర్చుకొనునులే యని ఊరకుంటిని. సెలవులకు మా యింటికి వచ్చినప్పుడు, గుమాస్తాగిరిలో అబ్బిన నా ఇంగ్లీషునే వానితో మాటాడి మురిసితిని. తప్పు నాది. పొరుగుభాష తెగులు కాదు. తమిళ కన్నడములు మనకు అన్నము పెట్టినవి. మరపే తెగులు.

ఆ రాత్రి వానిని చెంత పరుండబెట్టుకొని కాకి కథ చెప్పితిని. సగమే తెలిసినది. అయినను "తాతా, మళ్లీ" యనెను. ఆ రెండు మాటలే నాకు పదివేలు. వాని చెల్లెలికి అప్పటికి రెండేండ్లు. ఊరు చేరిన నాటినుండి ఇరువురకును ప్రతిదినము ఫోనులో ఒక కథ చెప్పుచున్నాను. కొమ్మ విషయమున ఆలస్యము చేసితిని. పూవు విషయమున చేయరాదు.