నిప్పు తెచ్చిన పిల్లాడు

మాది గోదావరి ఒడ్డున కోయగూడెం. చిన్నప్పుడు మా అయ్య చుట్ట ముట్టించుకోవడానికి పొయ్యిలోంచి నిప్పు తెచ్చే పని నాది. "నా కొడుకు హుషారు" అని అయ్య మురిసిపోయేవాడు.

ఎండాకాలం ఇంటిల్లిపాదీ తునికాకుకు పోయేవాళ్లం. యాభై ఆకులకో కట్ట కట్టి సాయంత్రం కల్లంలో అప్పజెప్పేవాళ్లం. ఆ డబ్బుతోనే నాకు పలక, చొక్కా వచ్చేవి. మేం అమ్మిన ఆకే బీడీ అయి మళ్లీ మా సంతకు వచ్చేది. అయ్య చుట్ట మాని బీడీ పట్టాడు. "ఇందులో పొగాకు చిటికెడే, ఏం కాదు" అనేవాడు. కానీ బీడీ ఊరికే ఆరిపోతుంది. ఆరకుండా మాటిమాటికీ గట్టిగా లాగాలి. పొగాకు చిటికెడైనా పొగ రొమ్ము నిండా పోతుంది.

అయ్యకు రోజూ పొద్దున్నే దగ్గు. కోడికూత లాగే దానికీ అలవాటుపడ్డాం. తర్వాత ఆయాసం మొదలైంది. ఇప్పపువ్వు ఏరడానికి పోయి చెట్టు కిందే కూలబడేవాడు. తెమడ పరీక్ష చేయిస్తే టీబీ లేదన్నారు. ఆ సంతోషంలో కోడిని కోసుకున్నాం. టీబీ కాకపోతే జబ్బే లేదనుకోవడం మా తప్పు.

నాలుగేళ్ల తర్వాత పట్నంలో ఒక డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించి చూసి, సీఓపీడీ అన్నారు. "లోపల గాలి గొట్టాలు ఇరుకైపోయాయి తాతా. పాడైంది మళ్లీ రాదు. బీడీ మానేస్తే మిగిలింది తొందరగా పోకుండా ఉంటుంది" అని చెప్పారు. "ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా?" అని అడిగారు. అయ్య నా వైపు చూశాడు.

డీఎడ్ చదివేటప్పుడు నాకూ అంటుకుంది. అయ్యకు తెలియదనుకున్నాను. పంతులునయ్యాక ఇంటర్వెల్‌లో మూడో తరగతి పిల్లాణ్ణి కొట్టుకు పంపి బీడీ కట్ట తెప్పించుకునేవాణ్ణి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మకూడదనీ, బడికి వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదనీ 2003 చట్టంలో ఉంది. వాడు పిడికిట్లో డబ్బులు బిగించుకుని పరిగెత్తేవాడు. "హుషారుగాడివిరా" అనేవాణ్ణి.

మా అమ్మ ఒక్క చుట్ట కూడా తాగలేదు. ఆమెకూ దగ్గే. కట్టెల పొయ్యి పొగ కూడా ఇదే జబ్బు తెస్తుందని డాక్టరమ్మే చెప్పారు. ఇంట్లో గ్యాస్ ఉంది. సిలిండర్ అయిపోతే మళ్లీ కట్టెలే.

చివరి రెండేళ్లు అయ్య కూర్చునే నిద్రపోయాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. పోయినరోజు మావాళ్లు ఆయన పక్కన ఒక బీడీ కట్ట పెట్టారు. నేను వద్దనలేకపోయాను.

నేను మానేసి ఆరేళ్లయింది. గట్టు ఎక్కితే ఇప్పటికీ కొంచెం ఆయాసమే, కానీ ఎక్కగలుగుతున్నాను. మన గూడేల్లో ఏళ్లతరబడి దగ్గేవాళ్లున్నారు. తెమడలో టీబీ లేదనగానే వాళ్లను ఇంటికి తీసుకురాకండి. ఊదే పరీక్ష కూడా చేయమని అడగండి. బీడీకి, నిప్పుకి పిల్లల్ని పంపకండి.