ఇంట వ్రాసిన వ్యాసమును ఎవరు దిద్దవలెను?

బిడ్డలకు ఇంటివద్దనే చదువు చెప్పుకొను తల్లులు మనలో కొందరు గలరు. లెక్క తప్పినచో పుస్తకము చివర జవాబు చూచుకొనవచ్చును. మాటకు అర్థము తెలియనిచో నిఘంటువు గలదు. సాహిత్యవ్యాసమునకు మాత్రము అట్టి జవాబు ఏ పుటలోను దొరకదు. 15 ఏండ్ల పిల్ల ఒక కథ చదివి, తనకు తోచినది వ్రాసి తెచ్చి ఎదుట నిలిచినప్పుడు, అది నిలుచునో నిలువదో చెప్పవలసినవారెవరు?

మా పెద్దమ్మాయి ఉబ్బసముచేత ఎనిమిదవ తరగతి పిమ్మట బడికి పోజాలక ఇంటనే చదువుచున్నది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారి పదవ తరగతి పరీక్షకు చేర్పించితిమి. 1989లో ఏర్పడిన ఈ సంస్థ పరీక్షలలో తెలుగును ఒక విషయముగా గైకొనవచ్చును. ఇంటివద్ద వ్రాసి ఒప్పగించు పత్రములకు నూటికి 20 మార్కులు గలవు. లెక్కలు, విజ్ఞానశాస్త్రము మావారు చెప్పుదురు. తెలుగు మా వంతు. మేము బడిలో చదివినవారము కాము. మా తాతగారు అరుగుమీద కూర్చుండబెట్టి అమరమును, భారతమును, మనుచరిత్రమును చెప్పిరి.

మావారికి వ్యాసము చూపినచో దీర్ఘములు దిద్ది, క్రింద “బాగు” అని వ్రాసి, లెక్కల పుస్తకమునకు వలెనే తేదీ వేయుదురు. మూడు వాక్యములలో తేలవలసినది ఆరింట చెప్పుటయే వారి దృష్టిలో దోషము. తల్లి చదువు తీరు వేరు. ముందునాటి రాత్రి అన్నము తినుచు పిల్ల ఏమనెనో మనము విని యుందుము. కనుక కాగితముమీద తెగిపోయిన ఆలోచనను మనమే అతికి చదువుకొందుము. పరీక్షాధికారి మన వంటింట కూర్చుండి ఆ మాటలు వినలేదు గదా!

మొదట ఒక బంధువునకు పంపితిమి. “సాక్షాత్తు సరస్వతియే” అని ఆశీర్వదించి త్రిప్పి పంపిరి. ఆశీర్వాదమునకు నమస్కారమే గాని, రెండవ ప్రతి వ్రాయుటకు అందు ఒక్క అక్షరమైన ఊత లేదు. పిదప, కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్న ఒక పెద్దావిడ, మా తోడికోడలి పుట్టినింటి యూరివారు, చదువుటకు ఒప్పుకొనిరి. మా పిల్లను ఆమె చూచి యెరుగరు. మాకు కావలసినదియు అదియే.

వ్యాసము గురజాడవారి ‘దిద్దుబాటు’ కథను గూర్చినది. 1910లో వెలువడిన ఆ కథ మనలో ఎందరో చదివినదే. కమలిని ఓర్పుచేతను, వినయముచేతను భర్తను మంచిదారికి త్రిప్పెనని మావాళ్లమ్మాయి నాలుగు పుటలు వ్రాసెను. 12 దినములకు అది తిరిగి వచ్చెను. మార్కులు లేవు. అంచులలో పెన్సిలుతో ప్రశ్నలు మాత్రమున్నవి.

“ఓర్పు అను మాట ఏడుమారులు వ్రాసితివి. కథలో కమలిని ఓర్చుకొనిన చోటు ఒక్కటి చూపుము. జాబు వ్రాసి పెట్టి, మంచముక్రింద దాగినది ఓర్పా, యుక్తియా?” అని ఒకటి. “ఈమెకు వ్రాత రాకున్నచో కథ ఎట్లు నడచును?” అని వేరొకటి. కథయంతయు వాడుకమాటలలో నడచుచుండగా కమలిని జాబు మాత్రము గ్రంథభాషలో ఏల యున్నదని ఇంకొకటి. మూడవ పేరాలో ఒక నిండైన వాక్యము క్రింద గీత గీసి, “ఇది నీదియేనా?” అని యుండెను.

పిల్ల రెండు పూటలు సరిగా అన్నము తినలేదు. “ఆవిడకు నేను నచ్చలేదమ్మా” అని కన్నీరు పెట్టుకొనెను. నచ్చనిచో ఇన్ని ప్రశ్నలు వ్రాయుటకు ఎవరికి తీరికయుండునని చెప్పితిమి, చెవినబెట్టలేదు. మూడవనాడు తనంతట తానే కథ తీసి మరల చదువ మొదలిడెను. రెండవ ప్రతిలో ఓర్పు పోయినది; కమలిని చదువును, ఆమె పన్నిన యుక్తియు వచ్చి కూర్చున్నవి. గ్రంథభాష సంగతికి తన సమాధానము తానే వెదకికొన్నది: దూరము చూపవలసి వచ్చినప్పుడు మర్యాదమాటలు పెరుగునట. గీత గీసిన వాక్యమును గూర్చి మాత్రము, “అది నీ మాటమ్మా, తీసేస్తున్నాను” అని మా యెదుటనే కొట్టివేసెను. ఆ వాక్యము మాకు నేటికిని ఇంపుగనే యున్నది.

ఆ పెద్దావిడ చెప్పినదంతయు మేము ఒప్పుకొనలేదు. “చేసెను” అని యున్నచోటనెల్ల “చేసింది” అని దిద్దిరి. చిన్నయసూరి వ్యాకరణముతో పెరిగిన మా ప్రాణమునకు అది గ్రుచ్చుకొనెను. పిల్ల దిద్దినట్లే ఉంచుకొన్నది. అది దాని యిష్టము.

భండారు అచ్చమాంబగారు బడికి పోక ఇంటనే పెక్కు భాషలు నేర్చినవారు. వారి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను వీరేశలింగముగారు తమ చింతామణిలో ప్రకటించిరి. ఇంటి చదువు ఇంటనే నిలిచిపోక, నలుగురు చదువరుల యెదుటకు వెళ్లినది.

ఇట్లు పంపదలచిన తల్లులకు మా అనుభవములో తేలినవి రెండు మాటలు. “ఎట్లున్నది?” అని అడుగవలదు, “బాగున్నది” అనియే వచ్చును. “ఎక్కడ ఆగిపోయితిరి? ఏ మాట నమ్మలేకపోయితిరి?” అని అడుగవలెను. అంచులు విశాలముగా విడిచి వ్రాయించవలెను. మన దిద్దుబాట్లు బయటివారి ప్రతి వచ్చువరకు దాచుకొనుట మేలు. ప్రతిఫలమన్నచో ఆ పెద్దావిడ రూపాయలు ముట్టనన్నారు, తీపి వారికి పడదట, గోంగూరపచ్చడి పంపితిమి. అట్టివారు దొరకనిచో ఇద్దరు తల్లులు మార్చుకొనవచ్చును. మా వెనుకవీధి అబ్బాయి వ్యాసములు మేము చూచుచున్నాము. వాని ఆలోచన తెగినచోటు మాకు ఇట్టే కనబడును, వాని తల్లికి కనబడదు.

మొన్న మూడవ వ్యాసము పోయినది. ఈమారు మేము ముందుగా చదువరాదని పిల్ల పట్టుబట్టెను. తానే కవరు అంటించి తండ్రి చేతికిచ్చెను. మనుచరిత్రములోని వరూధినిని గూర్చియట. మేము ఎన్నిమారులు చెప్పిన పాఠమో అది. ఏమి వ్రాసెనో మాకు తెలియదు.